ఎర్రదారం అడవికోళ్లు

నర్సీపట్నంలో తెల్లవారేసరికి ప్రతి వాకిట్లోనూ పేడనీళ్ల వాసన లేస్తుంది. ఆడవాళ్లు కళ్లాపి చల్లి, ముగ్గేసి, లోపలికి పోతారు. ఆ వాసన కోసం ఆగి నిలబడేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు, ఒక్క కలప డిపో ఫారెస్టరు వరహాలరావు తప్ప. చేతిలో వేపపుల్ల, భుజాన తుండు, అరుగు మీద నిలబడి, సత్యకుమారి బొక్కెనలో చెయ్యి ముంచి నీళ్లు విసురుతుంటే అలా చూస్తూ ఉండిపోతాడు. పళ్లు తోముకోవడం కూడా మరిచిపోతాడు.

"ఏటండీ, పెళ్లాన్ని ఎప్పుడూ చూడనట్టు?" అంటుంది సత్యకుమారి.

"నిన్ను కాదులే," అంటాడు.

ఆ మాటకి ఏ పెళ్లాం సంతోషిస్తుంది? మూతి తిప్పుకుని లోపలికి పోతుంది. పాపం, అతను చెప్పింది నిజమే. ఆ వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, మనిషి నర్సీపట్నంలో ఉండడు. నాలుగేళ్లు వెనక్కి వెళ్లి, అనంతగిరి ఘాటీ ఎక్కి, అరకు దాటి, పనసగుడ పొలిమేరలో నిలబడి ఉంటాడు.

చెప్పొద్దూ, వరహాలరావుకి లెక్కలంటే పిచ్చి. విజయనగరం కాలేజీలో లెక్కలు చదివి బియ్యే ప్యాసయ్యాడు. అంత చదివినవాడు ఏ కచేరీలోనో పంకా కింద కూర్చోవచ్చు కదా? అబ్బే, అడవుల శాఖలో చేరాడు. ఎందుకురా అని తండ్రి తల బాదుకుంటే, అక్కడ గాలి బావుంటుందట నాన్నా అన్నాడు. చేరిన కొత్తలోనే సత్యకుమారితో పెళ్లయింది. కాపురం కుదురుకోకముందే కొండమీదకి వేశారు. మన్యంలో దొరల మీద లేచిన తిరుగుబాటు, ఆ పితూరీ, చల్లారిన ఏడే అది. కొండజ్వరాలకి జడిసి ఎవరూ ఆడవాళ్లని పైకి తీసుకెళ్లేవారు కాదు. సత్యకుమారి శృంగవరపుకోటలో పుట్టింట్లో ఉండిపోయింది. ఇతను సంచీ భుజాన వేసుకుని, తన రాతని తిట్టుకుంటూ ఘాటీ ఎక్కాడు.

తిట్లన్నీ పైకి చేరేదాకానే. లోయంతా వలిసెపూలు పూసి, ఎవరో చాపలు పరిచి పసుపు ఆరబోసినట్టుంది. మంచు పొద్దెక్కేదాకా విడిచేది కాదు. ఆ మంచులోంచి అడవికోడి కూత వినిపించేది. ఊరికోడి కూతలా తీరిగ్గా సాగదు అది, ఎవరో గొంతు పట్టుకున్నట్టు టక్కున ఆగిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు వరహాలరావు, మిగతా సగం ఎక్కడికి పోయిందా అని చెవులు రిక్కించి నిలబడ్డాడు.

పనసగుడ పట్టుమని పాతిక గడపల ఊరు. ఊరి వేటకి పెద్ద సుక్రు. యాభై దాటిన మనిషి, వల పన్నాడంటే ఆ కొండల్లో అతని తరవాతే ఎవరైనా. అతని పెళ్లాం గంగ. గంగ నోటికి సుక్రుతో సహా ఊరంతా జడిసేది. వరహాలరావు వండుకోలేక మాడు వాసన తెప్పిస్తుంటే చూసి, ఆవిడే పెద్ద దొప్పలో చోడి అంబలి పోసి తెచ్చి ముందు పెట్టింది.

"తాగు పారెస్టుబాబూ. నువ్వు వండిన కూడు మా కుక్క కూడా ముట్టదు," అంది.

ఆ రోజు నుంచి అతను ఆ ఇంటి మనిషైపోయాడు. సుక్రుని అన్నా అనేవాడు. సాయంత్రం నెగడు దగ్గర జీలుగుకల్లు తాగుతూ సుక్రు వేట కబుర్లు చెప్పేవాడు. కల్లు ముట్టని వరహాలరావు కబుర్లు తాగేవాడు.

ఆ కబుర్లన్నీ చివరికి ఇటుకల పండగ దగ్గరికే చేరేవి. చైత్రంలో వచ్చే పండగ అది. మగాళ్లంతా కొన్నాళ్లపాటు వేటకి పోతారు. తిరిగొచ్చేసరికి ఊరి పొలిమేరలో ఆడవాళ్లు కుండల్లో పేడనీళ్లు కలుపుకుని కాచుకుని ఉంటారు. ఏదైనా కొట్టుకొచ్చినవాడికి పసుపునీళ్లతో కాళ్లు కడుగుతారు. ఖాళీ చేతులతో వచ్చాడా, అంతే సంగతులు. కుండడు పేడనీళ్లు నెత్తిన కుమ్మరించి, వాడి తాతముత్తాతల్ని కూడా వదలకుండా పాట కట్టి ఏడిపిస్తారు. సుక్రు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఏడు కూడా ఖాళీగా రాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు మీసం మీదకి చెయ్యి దానంతటదే పోయేది.

సరే, అంతా బాగానే ఉందనుకుంటుంటే వాల్తేరు నుంచి దొర దిగాడు. జిల్లా అడవుల మీద అధికారి. నాలుగు రోజులు తుపాకీ భుజాన వేసుకుని తిరిగాడు. అడవికోడి ఒక్కటి కూడా దక్కలేదు. తన గురి మీద అనుమానం ఏ దొరకైనా వస్తుందా? ఈ కొండవాళ్లు వేటాడి వేటాడి అడవిని ఊడ్చేశారు, వచ్చే చైత్రం నుంచి వేట బందు అన్నాడు.

వరహాలరావు నోరు ఊరుకోలేదు. "ఊడ్చేశారో లేదో తెలియాలంటే, ఎన్ని ఉన్నాయో తెలియాలి కదండీ," అన్నాడు.

"అడవిలో కోళ్లని ఎవడు లెక్కపెడతాడోయ్?"

"నేను పెడతానండి."

దొర బంగళాలో పాత పత్రికలు తిరగేస్తుంటే చదివాడు అతను. ఏదో చలిదేశపు సముద్రంలో చేపలకి బిళ్లలు గుచ్చి వదిలి, మళ్లీ వలేసి, పడినవాటిలో బిళ్లలవి ఎన్నో చూసి, సముద్రంలో మొత్తం ఎన్ని ఉన్నాయో కట్టారట. చేపకి పనికొచ్చిన లెక్క కోడికి పనికిరాదా? దొర పైపు కాలుస్తూ అంతా విన్నాడు. కోపిష్టే కానీ లెక్కకి లొంగే మనిషి. కోళ్లు ఎక్కువున్నాయని తేలితే ఊరి వేట జోలికి రాను, తక్కువని తేలితే మాత్రం ఎవరి వేటా సాగదు అన్నాడు. పనసగుడ పండగ వరహాలరావు లెక్కలో పడింది.

ఆ సాయంత్రం గంగ ఇంట్లో చింతగింజల బుట్ట ముందు పెట్టుకుని అతను మొగుడూపెళ్లాలకి పాఠం చెప్పాడు. గుప్పెడు గింజలు తీసి, సున్నం పూసి, తిరిగి బుట్టలో వేసి బాగా కలిపాడు. "ఇప్పుడు ఒక గుప్పెడు తియ్యి గంగమ్మా. అందులో తెల్లవి ఎన్ని వస్తాయో చూసి బుట్టలో మొత్తం ఎన్నున్నాయో చెప్పేస్తాను."

గంగ ఒక్కొక్కటీ ఏరి ఏరి గుప్పెడు తీసింది. తెల్లది ఒక్కటీ లేదు.

"అదేమిటి, తెల్లవి వదిలేశావు?"

"సున్నం గింజలు నాకేల బాబూ? అంబలిలోకి పనికొత్తాయేటి?"

వరహాలరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కళ్లు మూసుకుని తియ్యాలి. చేతికి గింజల తేడా తెలియకూడదు. తెలిస్తే లెక్కంతా తప్పిపోతుంది," అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో చూడండి. చెప్పినవాడే మరిచిపోయాడు.

పుష్యమాసంలో పని మొదలైంది. సుక్రు, అతని తమ్ముడు గాసి ఉచ్చులు పన్నేవారు. పడిన కోడి కాలికి వరహాలరావు దారం కట్టి వదిలేవాడు. నానినా తెగకుండా ఉండాలని, సంతలో మొలతాళ్లకి అమ్మే ఎర్రదారం కొన్నాడు. మొదటి కోడికి దారం కడుతుంటే అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దారం ఎందుకంటే, లెక్కకి," అన్నాడు వరహాలరావు.

"ఔనౌను, లెక్కకే," అన్నాడు సుక్రు, చాలా మర్యాదగా.

మాఘమాసంలో పిడుగులాంటి కబురు వచ్చింది. శృంగవరపుకోట నుంచి సంతకొచ్చిన బేరగాడు చెప్పాడు. నెలలు నిండుతున్న సత్యకుమారికి జ్వరం పట్టుకుందట, విడవడం లేదట, వైద్యుడు ఏ మాటా చెప్పడం లేదట. వరహాలరావు ఆ పూటే ఘాటీ దిగి వెళ్లాడు. పుట్టింటివాళ్లు గుమ్మంలోంచి చూడనిచ్చి, నువ్వు ఇక్కడుండి చేసేదేముంది నాయనా, ఉద్యోగం పోగొట్టుకోకు అని పంపేశారు. తిరిగొచ్చాక అంబలి ముట్టేవాడు కాదు. నెగడు దగ్గర కూర్చుని మంటకేసి చూసేవాడు. ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. పొద్దున లేచి అడవికి పోయి దారాలు కట్టేవాడు. మునుపు రోజుకి ఒకటి కడితే ఇప్పుడు దొరికినన్ని కట్టేవాడు. కడుతున్నంతసేపు భయం తెలిసేది కాదు, అదీ అసలు సంగతి. అరవై కోళ్ల దాకా కట్టాడు.

గంగ చూసేది, ఏమీ అనేది కాదు. అంత నోరున్న మనిషి ఏమీ అనకపోవడం అతను గమనించలేదు.

చైత్రం వచ్చింది. రెండో విడత లెక్క ఆ వేటలోనే తేలాలి కనక దొర ఈసారికి ఊరుకున్నాడు. వేట సాగింది. చివరి రోజు పొద్దు వాలుతుండగా మగాళ్లు వరసగా కొండ దిగారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పనసగుడ పొలిమేరకే చేరారు. డప్పులు, కేకలు. వరహాలరావు ప్రతి కోడి కాలూ పట్టుకుని చూశాడు. వంద కోళ్లు తేలాయి, దారం ఉన్నది ఒక్కటే. అవతలి ఊరి కుర్రాడెవడో దూరం నుంచి బాణం వేసి కొట్టింది అది. వాడు దాన్ని అందరికన్నా దూరంగా పట్టుకుని, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. లెక్కల మీద ఉన్న ధ్యాసలో వరహాలరావు అదీ గమనించలేదు.

అంతలో గొల్లున నవ్వులు లేచాయి. సుక్రు వస్తున్నాడు. భుజాన వల ఉంది, చేతుల్లో ఏమీ లేదు. సుక్రు, ఖాళీ చేతులు! ఆడవాళ్లకి పండగే పండగైపోయింది. గంగే ముందుకొచ్చి, సొంత మొగుడని కూడా చూడకుండా కుండ ఎత్తి నెత్తిన బోర్లించింది. పేడనీళ్లు మీసాల మీంచి కారుతుంటే సుక్రు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. వెనకే గాసి, వాడి వెనక మరో నలుగురు, అందరూ ఖాళీయే. ఊళ్లో మంచి వేటగాళ్లందరూ ఆ సాయంత్రం తడిశారు. ఒక్కడూ ఎందుకని చెప్పలేదు.

నాలుగు రోజుల తరవాత కబురొచ్చింది. సత్యకుమారి గండం గడిచింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. వరహాలరావు ఊరంతా బెల్లం పంచాడు. గంగ నోట్లో బెల్లం వేసుకుని, "మాకు తెలుసులే బాబూ," అంది. అది ఆప్యాయత అనుకున్నాడు.

మనసు తేలికైంది, లెక్క కట్టాడు. పట్టిన వందలో ఒకటి దారంది. అంటే అడవిలో ఉన్న కోళ్లలో నూటికి ఒకటి దారంది. దారం కట్టినవి అరవై. అరవై నూటికి ఒకటైతే, మొత్తం ఆరువేలు. ఆరువేలు! ఊరి వేట దక్కిందని సుక్రుకి చెప్పి, వాల్తేరు పోయి దొరకి లెక్క అప్పగించాడు. దొర లేచి భుజం తట్టాడు. నిన్ను రేంజరుని చేయిస్తానన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆరువేలున్నప్పుడు కొండవాళ్లొక్కరే తినడం దేనికి? చలికాలంలో ఈ అడవిని తుపాకులవాళ్లకి తెరుద్దాం. మద్రాసు నుంచి కూడా పెద్దమనుషులు వస్తారు," అన్నాడు. ఆ మాట వరహాలరావుకి నచ్చలేదు. అయినా ఆరువేలున్నాయి కదా అని సర్దుకున్నాడు.

వైశాఖంలో పిల్లని చూసి, గంగకి కొత్త చీర పట్టుకుని పనసగుడ వెళ్లాడు. చీర చూసి గంగ కోడిని కోస్తానని కూర్చుంది. ఎర్రపెట్ట ఒకటి అందకుండా పరిగెత్తుతుంటే దాని వెనక పడింది.

"ఆ పెట్ట వెనక ఎందుకు ఆయాసం? ఈ పుంజు చేతికిందే ఉంది కదా," అన్నాడు వరహాలరావు, కాళ్ల దగ్గర గింజలు ఏరుకుంటున్న పుంజుని చూపించి.

"అయ్యో, అది వద్దు బాబూ. దారం కట్టినాం సూడలేదా? అది అమ్మోరి కోడి. కొయ్యకూడదు."

అతను వంగి చూశాడు. పుంజు కాలికి ఎర్రదారం. తను సంతలో కొన్నలాంటిదే, మొలతాళ్లదే.

"సుక్రన్నా, వేటలో మీకు దారం ఉన్న కోళ్లు పడలేదా?" అన్నాడు మెల్లగా.

సుక్రు కల్లుదొప్ప కింద పెట్టాడు. "అది అడక్కూడదు బాబూ. మొక్కుకోడిని పట్టినామని నోటితో సెప్తే మొక్కు సెడిపోద్ది."

"అది మొక్కు కాదు. లెక్క. గింజలతో చూపించాను కదా."

"సూపించినావు," అంది గంగ. "మొక్కుకున్నోడు ఏటని మొక్కుకున్నాడో బయటికి సెప్తాడేటి? ఏదో ఒకటి అంటాడు. నువ్వు లెక్క అన్నావు. ఔను లెక్కే అని మేమూ అన్నాం."

"ఏమని మొక్కుకున్నాననుకున్నారు?"

గంగ అతనికేసి జాలిగా చూసింది. "నీ ఆడమనిషి సావుబతుకుల్లో ఉండాది. నువ్వు కూడు ముట్టవు, మాటాడవు. పొద్దు పొడిసేసరికి కొండకి పోయి కోళ్లన్నిటికీ దారాలు కట్టేత్తన్నావు. అంత పెద్ద మొక్కు ఈ కొండల్లో ఎవుడూ మొక్కలేదు. ఆ కోళ్లని మేం సంపి తింటామేటి? తిన్నాక ఆ తల్లికి ఏటైనా అయితే?"

"నా వల్లో పడినయ్యన్నీ అయ్యే," అన్నాడు సుక్రు నేలకేసి చూస్తూ. "ఒక్కో దాన్నీ ఇప్పి, దణ్ణమెట్టి ఒగ్గేసినాను. పొద్దుపోయింది. ఇంకేం పడలేదు."

పుట్టాక ఒక్కసారీ తలవంచని మనిషి, ఏనాడూ చూడని ఓ మైదానపు పిల్ల బతకాలని, నోరు మెదపకుండా పేడనీళ్ల కింద నిలబడ్డాడు. ఆ నీళ్లు పోసిన గంగకీ సంగతి తెలుసు. అతనికి ఏడుపు ఆగలేదు. పెద్దవాడినన్న సిగ్గు లేకుండా, ఆ కోళ్ల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాళ్లు అతన్ని ఏడవనిచ్చారు.

ఏడుపు తీరాక లెక్క గుర్తొచ్చింది. గంగ సున్నం గింజల్ని వదిలేసి ఏరిన గుప్పెడు కళ్లముందు కనబడింది. చేతికి కళ్లుండకూడదని తనే చెప్పాడు. పనసగుడ చేతులన్నిటికీ కళ్లున్నాయి. కళ్లే కాదు, మనసు కూడా ఉంది. దారం కోళ్లని వదిలేస్తూ పోతే, లేని కోళ్లు కాగితం మీద పుట్టుకొస్తాయి. ఆరువేలూ ఉత్తిదే. చలికాలం రాగానే ఆ ఉత్తి కోళ్లని నమ్ముకుని తుపాకులు దిగుతాయి, ఉన్న నాలుగూ పోతాయి.

సుక్రుకి అంతా విడమరిచి చెప్పాడు. దొరకి నిజం చెప్పాలన్నాడు.

"నిజం సెప్తే మా వేట ఏటవుద్ది?" అన్నాడు సుక్రు.

"కోళ్లు తక్కువని తేలితే ఆగిపోతుంది."

"అయితే సెప్పకు బాబూ. తుపాకులోళ్లు వత్తారు, పోతారు. ఇటుకల పండగ పోతే మల్ల రాదు." కల్లుదొప్ప పక్కకి జరిపి, "నీకోసం ఒక్క మాట అడగలేదు మేం. నువ్వు మాకోసం ఒక్క మాట దాసలేవా?" అన్నాడు.

ఈ మాటకి ఏ కాలేజీలోనైనా జవాబు చెబుతారా? వరహాలరావు రాత్రంతా దొర్లాడు. దాస్తే రేంజరు పని, సుక్రు స్నేహం, ఊరి పండగ, అన్నీ దక్కుతాయి. కోళ్లు ఒక్కటే పోతాయి. కానీ కోళ్లు పోయాక పండగకి ఏం వేటాడతారు? తెల్లవారుతుండగా మంచులో ఆ సగం కూత వినిపించింది. లేచి సంచీ సర్దుకున్నాడు. ఊరు దాటుతుంటే సుక్రు తన అరుగు మీదే ఉన్నాడు. పిలవలేదు. మొహం తిప్పుకున్నాడు.

దొర ముందు మండిపడ్డాడు, తరవాత కుర్చీలో వెనక్కి వాలి పైపు వెలిగించాడు. "దారం లేకుండా మళ్లీ లెక్కపెట్టు. అందాకా తుపాకులు రావు. తక్కువని తేలితే మాత్రం అందరికీ బందే," అన్నాడు. ఊరి వేట సంగతి వేరండీ అని వరహాలరావు బతిమాలాడు. చచ్చిన కోడికి ఆ తేడా తెలియదన్నాడు దొర.

ఈసారి దారాలు లేవు. వేరే ఊరివాళ్లతో ఉచ్చులు పన్నించి, ఎవరికంటా పడకుండా కోడి వెనకవేలి గోరు కొస కత్తిరించి వదిలాడు. కొన్నాళ్లకి మళ్లీ పట్టి చూశాడు. గోరు తెగిన కోళ్లు ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉన్నాయి. అవి పడేకొద్దీ మొత్తం లెక్క తగ్గిపోతూ వచ్చింది. లెక్క చూస్తే ఆరొందలు కూడా లేవు. దొర మాట తప్పే మనిషి కాదు. మూడు చైత్రాలు అడవిలో ఎవరూ వేటాడకూడదని రాశాడు. రేంజరు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ కబురు మోసుకుని వెళ్లాల్సింది ఎవరు? వరహాలరావే. వాల్తేరులో అందరి సంతకాలూ అయ్యేసరికి చైత్రం రానే వచ్చింది. అతను పొలిమేర చేరేసరికి పనసగుడ మగాళ్లు వలలు భుజాన వేసుకుని బయల్దేరబోతున్నారు. వీళ్లతో అతనికి ఏడాదిగా మాటల్లేవు. అయినా చెప్పాడు. ఈ ఏడు వేట లేదు, మరో రెండేళ్లూ లేదు.

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. గాసి వల దించి కింద పెట్టాడు. "నీ లెక్క మా కోళ్లని మింగేసింది బాబూ," అన్నాడు సుక్రు. అంత నెమ్మదిగా అన్నాడు.

అప్పుడు ఆడవాళ్ల గుంపులోంచి గంగ వచ్చింది. సాయంత్రానికని పొద్దున్నే కలిపి పెట్టిన కుండ చంకలో ఉంది. వరహాలరావు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎక్కడినుంచి వత్తన్నావు బాబూ?"

"వాల్తేరు నుంచి."

"ఏటి తెచ్చినావు?"

అతను రెండు చేతులూ చాపాడు. "ఏమీ తేలేదు గంగమ్మా. ఖాళీ చేతులు."

"కాళీ సేతుల్తో ఊళ్లోకొచ్చిన మొగోడికి ఏటి సేత్తామో తెలుసు గదా?"

తెలుసన్నట్టు తలూపి, టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. చల్లటి పేడనీళ్లు నడినెత్తిన పడి, మెడలోంచి ఖాకీ చొక్కా లోపలికి జారాయి. ఆడవాళ్లు పాట అందుకున్నారు. అతని బియ్యే చదువునీ, మాడిన అన్నాన్నీ, చింతగింజల్నీ దేన్నీ వదల్లేదు. ఇంటి మగాళ్లని తిట్టినట్టే తిట్టారు. పరాయివాణ్ణి వాళ్లు ఎన్నడూ అలా తిట్టరు. ఆ సంగతి తలకెక్కి వరహాలరావు కళ్లు తెరిచేసరికి, పక్కనే ఎవరో వచ్చి నిలబడి ఉన్నారు. సుక్రు.

"నా సేతులూ కాళీయే గదే," అన్నాడు పెళ్లాంతో. "పొయ్యి."

తరవాత గాసి వచ్చాడు. ఒక్కొక్కరే ఊరి మగాళ్లంతా వచ్చి వరసలో నిలబడ్డారు. ఆ ఏడు పనసగుడలో వేట లేకపోయినా, పండగ మాత్రం జరిగింది.

రెండేళ్లకి అతన్ని నర్సీపట్నం వేశారు. భార్యాబిడ్డలతో కాపురం, డిపోలో దుంగల లెక్క. దుంగలు కదలవు, ఎగరవు, వాటిని లెక్కపెట్టడంలో ఏం మజా ఉంటుంది? ఘాటీ కింద తను మళ్లీ మామూలు మనిషైపోయానని అతనికి బెంగ. సత్యకుమారికి ఇవేవీ చెప్పలేదు. మొక్కు సంగతి నోటితో చెప్పకూడదు కదా. తను మొక్కని మొక్కే అయినా, తీర్చినవాళ్లు ఉన్నారు.

మూడు చైత్రాలూ గడిచాయి. ఈ ఏడు ఉగాది వెళ్లిన కొన్నాళ్లకి, పొద్దున్నే వాకిట్లో ఎవరో పిలిచినట్టయింది. వరహాలరావు వేపపుల్లతో బయటికొచ్చాడు. గాసి! నెత్తిన సంచీ, కాళ్లకి ఘాటీ దుమ్ము. సంతపని మీద దిగి, అడ్రసు అడుక్కుంటూ వచ్చాడట. సుక్రు, గంగ బాగున్నారా అంటే బాగున్నారన్నాడు. ఈ ఏడు వేటకి పోయామన్నాడు. కోళ్లు బాగా పెరిగాయి, ఊరందరికీ దక్కాయన్నాడు.

"అన్నకి మాత్రం పేడనీళ్లే," అన్నాడు నవ్వుతూ.

"సుక్రుకా? కోళ్లు పెరిగాయంటివి?"

"ఆఖరు పొద్దున వల్లో ఒక్కటే పడింది. ముసిలి కోడి. కాలికి దారం ఉండాది. ఎరుపంతా ఎలిసిపోనాది గానీ, నీ దారమే. వల ఇప్పి ఒగ్గేసినాడు."

"అది ఉత్త లెక్కే అని మీకు తెలుసు కదా గాసీ. నేనే చెప్పాను కదా."

"తెలుసు బాబూ."

అప్పుడే సత్యకుమారి బొక్కెనతో వాకిట్లోకి వచ్చింది. గాసి సంచీ దించి, ఆవిడకేసి కాసేపు చూసి, రెండు చేతులూ జోడించాడు. ఉండు, అంబలి తాగి వెళ్లు అన్నా వినకుండా, బేగి పోవాలి బాబూ అంటూ సంచీ ఎత్తుకుని సందు మలుపు తిరిగిపోయాడు.

"ఎవరండీ ఆయన? నన్నలా చూశాడేటి?"

"కొండమనిషి. నువ్వు బాగున్నావా లేదా అని చూసి వెళ్లడానికొచ్చాడు."

"నన్నా? నేనెవరో ఆయనకేం తెలుసు?" అంటూ సత్యకుమారి బొక్కెనలో చెయ్యి ముంచింది. వరహాలరావు వేపపుల్ల పారేసి, అరుగు దిగి, సరిగ్గా ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జరగండి, మీద పడతాయి," అంది సత్యకుమారి.

"పడనీ," అన్నాడు వరహాలరావు.